జువెంటస్ అమ్మాయిల కథ తెలియాలంటే బ్రెషా కథ తెలియాలి

మీరు అడిగింది: ట్యూరిన్ ఫుట్‌బాల్ క్లబ్బు జువెంటస్ మహిళల జట్టు 2017లో పుట్టి, 2018లోనే ఇటలీ ఛాంపియన్ ఎలా అయింది?

నేను 2018-19లో ట్యూరిన్‌లో చదువుకునేటప్పుడు నాకూ ఇదే సందేహం వచ్చింది. తీర్చింది మా ఇంటి ఓనర్ ఆవిడ. ఆవిడ పుట్టిల్లు బ్రెషా. ఆ ఊరిని ఇటలీ వాళ్లు ‘ఆడసింహం’ అంటారు, అక్కడి మహిళల జట్టును కూడా ‘ఆడసింహాలు’ అనే పిలుస్తారు. ఆవిడ గదిలో తలుపు వెనక కొక్కేనికి ఆ జట్టు నీలం, తెలుపు స్కార్ఫ్ వేలాడుతుండేది. ఉతికీ ఉతికీ నీలం వెలిసిపోయింది.

2019 మార్చి 24, ఆదివారం. జువెంటస్ మగవాళ్ల జట్టు ఆడే అలియాంజ్ స్టేడియంలో మొదటిసారి మహిళల మ్యాచ్ పెట్టారు. ప్రత్యర్థి ఫియొరెంటీనా. టికెట్ ఉచితం. ఆవిడ నన్ను లాక్కెళ్లింది. ఎక్కడ చూసినా పిల్లల్ని వెంటేసుకొచ్చిన తల్లిదండ్రులే. 39,027 మంది వచ్చారు. అప్పటివరకు జువెంటస్ మహిళల జట్టు మామూలుగా ఆడేది వినోవోలోని శిక్షణ కేంద్రంలో, కొన్ని వందల మంది ముందు. ఆట మొదలవ్వకముందే ఆవిడ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. "ఆ బొనాన్సియా మా దగ్గర ఆడింది. ఆ కెప్టెన్ గామా కూడా. సాల్వాయి, రొసూచ్చి, చెర్నోయా, అందరూ మావాళ్లే."

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది. జువెంటస్ సున్నా నుంచి మొదలవలేదు. దగ్గర్లోని కూనియో అనే చిన్న క్లబ్బుకు ఇటలీ పై లీగ్ అయిన సిరీ-ఎలో ఆడే హక్కు ఉంటే, దాన్ని తీసుకుని నేరుగా అందులోకి వచ్చింది. కింది నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాల్సిన అవసరమే రాలేదు. ఇక ఆటగాళ్ల విషయానికొస్తే, అప్పటికే గెలవడం నేర్చిన బ్రెషా నుంచి ఒకేసారి ఐదుగురు వచ్చేశారు. అప్పటి జువెంటస్ కోచ్ రీటా గ్వరీనో ట్యూరిన్ ఆవిడే, ఇటలీ జాతీయ జట్టుకు ఆడిన ఫార్వర్డ్.

బ్రెషా గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని మర్చిపోయారు. ఆ క్లబ్బు 1985లో కప్రియోలో అనే చిన్న ఊళ్లో మొదలైంది. వెనక పెద్ద మగవాళ్ల జట్టు డబ్బేమీ లేదు. అయినా మిలేనా బెర్తొలీని కోచ్‌గా ఉండగా 2014లో, 2016లో లీగ్ గెలిచింది. 2015లో యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో లివర్‌పూల్‌ను రెండు మ్యాచ్‌ల్లోనూ 1-0తో ఓడించి, ఆ సీజన్లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. ఇదంతా అమెచ్యూర్ హోదాలోనే. ఇటలీ మహిళల లీగ్‌కు ప్రొఫెషనల్ గుర్తింపు వచ్చింది 2022 జూలైలో.

2017-18లో ఐదుగురు వెళ్లిపోయాక కూడా బ్రెషా వదల్లేదు. సీజన్ చివరికి రెండు జట్లకూ సమానంగా పాయింట్లు. దాంతో 2018 మే 20న నొవారాలో ఒక్క మ్యాచ్ పెట్టి తేల్చారు. అదనపు సమయం అయినా 0-0. పెనాల్టీల్లో 5-4తో జువెంటస్ గెలిచింది. మా ఓనర్ ఆవిడ ఆ పెనాల్టీలు చూడలేక వంటగదిలోకి వెళ్లి నిలబడ్డానని చెప్పింది.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. కొద్ది వారాలకే బ్రెషా సిరీ-ఎ హక్కును మిలాన్ క్లబ్బు తీసుకుంది. బ్రెషా ఫార్వర్డ్ జిరెల్లి కూడా జువెంటస్‌కు వెళ్లిపోయింది. రెండుసార్లు ఛాంపియన్ అయిన క్లబ్బు కింది లీగుల నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పెద్ద క్లబ్బులు రావడం వల్ల అమ్మాయిలకు మంచి మైదానాలు, డాక్టర్లు, జీతాలు వచ్చాయి, కాదనను. కానీ ముప్పై ఏళ్లు మోసిన వాళ్ల పేరు కూడా ఎవరూ ఎత్తకపోతే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇంత రాస్తున్నాను.

జువెంటస్ తర్వాతి కథ చకచకా చెప్పేయొచ్చు. 2018 నుంచి 2022 వరకు వరసగా ఐదు టైటిళ్లు. 2020-21లో ఆడిన 22 లీగ్ మ్యాచ్‌లూ గెలిచారు. ఆపై రెండేళ్లు రోమా గెలిచింది, 2025లో మళ్లీ జువెంటస్.

ఆ మార్చి ఆదివారం స్టేడియంలో ఆట చివర్లో జువెంటస్‌కు ఆడే డెన్మార్క్ అమ్మాయి పెడెర్సెన్ గోల్ కొట్టింది, 1-0. మా ఓనర్ ఆవిడ చప్పట్లు కొట్టింది కానీ లేచి నిలబడలేదు.

లేచి గెంతింది జూన్ 9న, ప్రపంచ కప్‌లో ఇటలీ, ఆస్ట్రేలియా మ్యాచ్ రోజు. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీ అమ్మాయిలు ప్రపంచ కప్ ఆడుతున్నారు. కోచ్ అదే బెర్తొలీని, కెప్టెన్ గామా. 1-1 మీద ఉండగా ఇంజురీ టైమ్‌లో, 95వ నిమిషంలో, బార్బరా బొనాన్సియా తలతో రెండో గోల్ కొట్టింది. టేబుల్ మీద పాస్తా ప్లేట్లలోనే చల్లారిపోయింది. ఆవిడ గదిలోకి పరుగెత్తి ఆ వెలిసిన స్కార్ఫ్ తెచ్చి మెడలో వేసుకుంది, బ్రెషాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "చూశావా, మన బార్బరా!" అని అరిచింది.