షబ్బాత్ పాటించే ఇంట్లో రోబో ఎంతవరకు పనికివస్తుంది?

ఇంటిపనులు చేసే రోబో వస్తే షబ్బాత్ (వారానికోసారి వచ్చే విశ్రాంతిదినం) పాటించే యూదుల ఇబ్బంది తీరుతుందా అని మీరు అడిగారు. జెరూసలేంలో నియమనిష్ఠలున్న ఒక వృద్ధురాలి ఇంట్లో ఆరేళ్లు కేర్‌గివర్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. శుక్రవారమే ఏర్పాటు చేసిపెట్టిన పనులకు రోబో అక్కరకు వస్తుంది గాని, అప్పటికప్పుడు చెప్పి చేయించుకోవడానికి పనికిరాదు.

శుక్రవారం పొద్దుగూకకముందే మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా సాగే ఆ విశ్రాంతిలో 39 రకాల పనులు నిషిద్ధం. నిప్పు రాజేయరాదని బైబిల్లోని నిర్గమకాండం 35వ అధ్యాయంలోనే ఉంది కాబట్టి దీపం స్విచ్చి కూడా ముట్టరు. అందుకని మధ్యాహ్నమే దీపాలకు టైమర్లు పెట్టి, వంట గిన్నెలను వాళ్లు ప్లాటా అనే వేడిపలక మీద ఉంచి, ఫ్రిజ్‌లోని బల్బు తీసేసేవాళ్లం. ఇల్లు ఊడ్చే రోబోను అలమరలో పెట్టించేవారు. పనిముట్లకూ విశ్రాంతి ఉండాలా అన్న వాదం రెండు వేల ఏళ్ల కిందటే షమ్మాయి, హిల్లేల్ అనే ఇద్దరు యూదు గురువుల శిష్యుల మధ్య జరిగి, అక్కర్లేదన్న హిల్లేల్ పక్షమే నిలిచింది గనుక టైమర్లకు చోటు దొరికింది. అయినా గత శతాబ్దంలో రబ్బీ (యూదు మతగురువు) మోషే ఫైన్‌స్టైన్ దీపాలకు మించి టైమర్లు వాడరాదన్నారు. లేకపోతే కర్మాగారాలు కూడా నడిపించవచ్చు కదా అని ఆయన ఆందోళన. రోబో విషయంలో ఆ మాట నాకు మరింత సబబనిపిస్తుంది.

ఒక రాత్రి మేం టైమరు తప్పుగా పెట్టడంతో హాల్లో దీపం ముందే ఆరిపోయింది. సవ్తా (హీబ్రూలో అమ్మమ్మను, నాయనమ్మను అలా అంటారు; ఆ పెద్దావిడను అలాగే పిలిచేవాళ్లం) ప్రార్థన పుస్తకంలో వేలు ఉంచి మూసుకున్నారు గాని, నాతో ఒక్క మాట అనలేదు. నేనింకా భోంచేయలేదు. ఆకలేసి, వంటింట్లో దీపం వేసుకుని అన్నం వడ్డించుకున్నాను. కాసేపటికి ఆవిడ వాకరు పట్టుకుని వచ్చి, నా ఎదుట కూర్చుని, ఆగిన చోటు నుంచే చదువుకున్నారు. యూదుడు కానివారు తమ అవసరానికి వెలిగించుకున్న దీపం వెలుతురు యూదులు వాడుకోవచ్చు, తమ కోసం వెలిగిస్తే కూడదు అని వాళ్ల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా చెబుతుంది. రోబోకు తన అన్నం, తన ఆకలి ఉండవు. అది చేసేదంతా యజమాని కోసమే. పైగా దానికి నోటితో ఆజ్ఞ ఇస్తే, ఆ పని చెప్పినవారే చేసినట్టని చాలామంది పండితులు భావిస్తారు.

ప్రాణాపాయం వస్తే మాత్రం ఈ నియమాలేవీ అడ్డురావు. ఒక శనివారం సవ్తాకు ఊపిరి అందకపోతే, నేను కంగారుగా ఫోను వెతుక్కుంటుండగానే, ఎంతో నిష్ఠగల పొరుగింటాయన క్షణం ఆలోచించకుండా తన ఫోనుతో అంబులెన్సును పిలిచారు. అలాంటి వేళ రోబోకు ఏ పనైనా నిరభ్యంతరంగా చెప్పవచ్చు.