ఐ-130 ఆమోదమైంది, ఇంటర్వ్యూ తేదీ రావట్లేదు: సమాధానం

నమస్తే అండి. మీ ఆవిడను అమెరికా తీసుకెళ్లడానికి మీరు వేసిన ఐ-130 పిటిషన్ ఆమోదమై నాలుగు నెలలైనా ఆవిడకు వీసా ఇంటర్వ్యూ తేదీ రాలేదని, కోటా నిండిపోయిందని ఎవరో భయపెట్టారని రాశారు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీరు అమెరికా పౌరులు కాబట్టి మీ భార్యకు వార్షిక కోటా వర్తించదు. కోటాలో ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌ను నెలనెలా చూసుకోవాల్సింది గ్రీన్‌కార్డు మీద ఉండి భార్యకు పిటిషన్ వేసినవాళ్లు.

మీరు చూడాల్సింది నేషనల్ వీసా సెంటర్ (ఇంటర్వ్యూకు ముందు ఫీజులు, పత్రాలు చూసే ఆఫీసు) ఖాతా. ఆమోదం వచ్చినంత మాత్రాన ఇంటర్వ్యూ వరుసలో చేరినట్టు కాదు. ఫీజులు కట్టి, డీఎస్-260 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) నింపి, మీ ఐ-864 (ఆవిడను పోషిస్తానని మీరిచ్చే హామీ పత్రం)తో పాటు ఇద్దరి పత్రాలూ అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోయాయని మెయిల్ వచ్చాకే ఆ వరుస మొదలవుతుంది. ఆ మెయిల్ మీకు వచ్చిందా? స్పామ్‌లో కూడా వెతకండి.

నేను పొరపాటు చేసింది ఇక్కడే. మా పెళ్లి సర్టిఫికెట్ వెనకవైపు రిజిస్ట్రార్ ముద్ర ఉంది, నేను ముందువైపే స్కాన్ చేసి పెట్టాను. అది తిరిగొచ్చింది. మళ్లీ పెట్టాక పరిశీలన కోసం మళ్లీ మొదటి నుంచి ఆగాం. ఆ వారాల్లో మా ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా ఏం చెప్పాలో తెలిసేది కాదు. అందుకే ప్రతి పత్రాన్నీ తెరిచి, రెండు వైపులూ ఉన్నాయో లేదో, అంచులు తెగాయేమో చూడండి.

మెడికల్ మాత్రం ఇప్పుడే చేయించకండి. తేదీ వచ్చాకే చేయించాలి, దాని గడువును బట్టే వీసా గడువు కూడా ఉంటుంది.

ఖాతాలో ఏ పత్రం పక్కన ఏ స్టేటస్ ఉందో రాయండి, చూసి చెప్తాను. కేసు నంబరు మాత్రం పెట్టకండి.