పుష్కలంగా కూలిన చెట్లు

విజయనగరం,
ఆదివారం.

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ బుధవారం అందింది. నాలుగు పేజీలు కుర్చీలోంచి కదలకుండా చదివాను. ఐదో పేజీలో ‘తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరిచెట్లు పుష్కలంగా కూలిపోయాయి’ అన్న వాక్యం దగ్గర కాగితాలు బల్లమీద పడేసి లేచాను. కాఫీ తాగి వచ్చి మళ్ళీ చూశాను. వాక్యం అలాగే ఉంది.

పుష్కలంగా పాలుంటాయి, నీళ్ళుంటాయి, పంట ఉంటుంది. సంస్కృతంలో ఆ మాటకు నిండైనది, శ్రేష్ఠమైనది అనే అర్థాలున్నాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తుపాను కొబ్బరినీ జీడినీ వేళ్ళతో పెకలించి పోతే అందులో పుష్కలమేముందమ్మా?

నీ ఉత్తరం చివర చూశాక గానీ దొంగ దొరకలేదు. “అబండెంట్ అనే మాటకు సరైన తెలుగు ఏది మాస్టారూ?” అని అడిగావు. అంటే ఆ వాక్యం నీకు ముందు ఇంగ్లీషులో తట్టిందన్నమాట. ఇంగ్లీషువాడు కూడా అక్కడ అబండెంట్ వాడడు. కురిసిన వానకు, దొరికిన సాక్ష్యాలకు, విశ్వంలో ఉన్న హైడ్రోజన్‌కు వాడతాడు. రోగాలూ పుకార్లూ పెచ్చుపెరిగితే చెప్పడానికి వాళ్ళకు రైఫ్ అనే వేరే మాట ఉంది.

అడిగావు కాబట్టి పుట్టుక చెబుతాను. లాటిన్‌లో ఉండా అంటే అల. అబ్ అంటే ‘నుంచి’. రెండూ కలిసిన అబుండారే అంటే అల పైకి లేచి ఒడ్డు మీదికి పొర్లడం. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. ఇది ‘కలిగి ఉండు’ అని అర్థమున్న హబేరే నుంచి పుట్టిందని పొరబడి మధ్యయుగాలలో ముందొక హెచ్ తగిలించి రాసేవారు. నీళ్ళ మాటను ఆస్తి మాట చేశారు చూడు! ఆ ఉండాకూ మన ఉదకానికీ మూలం ఒకటే. సముద్రం కూడా ఆ ఇంటి మాటే. కళింగపట్నంలో వంశధార కడలిలో కలిసేచోట వరద రోజుల్లో ఒకసారి నిలబడు, నిఘంటువుతో పని ఉండదు.

ఈ మాటకు ఒక చెల్లెలుంది, రిడండెంట్. అదే అల వెనక్కి పొర్లింది. ఇప్పుడు ‘అక్కరలేనిది’ అని అర్థం. నీ కథలో ‘పుష్కలంగా’ పదకొండు చోట్ల ఉంది. ఒకటి రెండు అక్క, మిగిలినవన్నీ చెల్లెలు.

ఇంగ్లీషు విశేషణంలో అల ఎప్పుడో ఇంకిపోయింది, ఎవరికీ తడి తగలదు. మనకు మాత్రం పాత్ర ఇంకా చేతిలోనే ఉంది. గంపెడు సంసారం, బండెడు చాకిరి, కడివెడు పాలు, దోసెడు మల్లెలు, పిడికెడు మెతుకులు. గంప అనగానే ఎంతో తెలుస్తుంది, ఎవరి నెత్తిన ఉందో కూడా తెలుస్తుంది. నలభై ఏళ్ళుగా దీనికోసమే పోట్లాడుతున్నాను. కథలో ‘ఎంత?’ అన్నచోట పాత్ర ఉండాలి, లేదా అంకె ఉండాలి. విశేషణం పెట్టావంటే నువ్వు అక్కడ లేవని నాకు తెలిసిపోతుంది.

నా మొదటి కథ మూడు పత్రికలు తిప్పి పంపాయి. నాలుగోది వేసుకుంది. అందులో మా అమ్మ సాయంత్రం అరుగు మీద కూర్చుని చేటెడు నూకలు చెరుగుతుంది. ఇంటిల్లిపాదికీ ఆ పూటకు అవే. సంపాదకుడికి చేట మోటుగా తోచింది కాబోలు, ‘సమృద్ధిగా నూకలు’ అని దిద్ది అచ్చువేశాడు. అమ్మకు చదువు రాదు. పత్రిక తెచ్చి దీపం దగ్గర గర్వంగా చదివి వినిపించాను. అమ్మ చేట చెరగడం ఆపి, “సమృద్ధిగా ఉంటే నూకలెందుకు వండుకుంటామురా?” అంది. పారితోషికంగా పదిహేను రూపాయలు వచ్చాయి. ఆ సంపాదకుడికి తర్వాత ఎన్ని సన్మానాలు జరిగినా నేను ఒక్కదానికీ వెళ్ళలేదు.

ఈమధ్య ఇంకో తెగులు. వ్యక్తిత్వ వికాసం పేరుతో గోడలకు అంటించే కాగితాల నిండా సమృద్ధే. రోజూ పొద్దున కళ్ళు మూసుకుని ‘నాకు సమృద్ధి కలుగుతోంది’ అనుకోవాలట. మా వీధిలో ఒకాయన అనుకుంటున్నాడు. కొళాయికి నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజే.

వీలైతే శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం ఉంది, ఆ కథానిలయానికి వెళ్ళు. కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో నెలకొల్పారు. పాత పత్రికలు తిరగేస్తూ, కూలీల గురించి, పాలేర్ల గురించి రాసిన కథల్లో ‘సమృద్ధిగా’ ఎన్నిసార్లు తగులుతుందో నువ్వే లెక్కపెట్టు. కలంపేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి మరోసారి మాట్లాడుకుందాం.

అసలు ఇంత రాయడానికి కారణం నీ మూడో పేజీ. తుపాను మర్నాడు మీ అమ్మమ్మ తోటలో పడిన చెట్ల మధ్య నడుస్తూ ఒక్కొక్క మొద్దునూ చేత్తో తడుముతుంది. “ఇది మీ తాత నాటింది. ఇది మీ అమ్మ పుట్టిననాడు. ఇది పెద్దవాడు మద్రాసు పారిపోయిన ఏడాది.” అలా ఏడు చెట్లు చెప్పింది. ఎనిమిదో చెట్టు దగ్గర ఆగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వేమో హడావిడిగా ‘ఇంకా పుష్కలంగా’ అని పేరా ముగించేశావు.

ఎనిమిదోది ఎవరి చెట్టు? అమ్మమ్మను అడిగి, అది రాసి పంపు. తిరుగు టపాకు స్టాంపులు కూడా పెట్టు, ఈసారి మరిచిపోయావు.

మీ మాస్టారు