గురుత్వ తరంగాల్లో పరిశోధన చేయాలంటే మొదట ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం, ఫిజిక్స్ చదువుతున్నాను. న్యూట్రాన్ తారలు ఢీకొని కలిసిపోయేటప్పుడు పుట్టే గురుత్వ తరంగాల మీద పరిశోధన చేయాలని ఉంది. సాధారణ సాపేక్ష సిద్ధాంతం మొత్తం చదివాకే ఇందులోకి రావాలా? పీహెచ్‌డీ దాకా వెళ్లలేకపోతే ఈ చదువు వృథా అవుతుందా?

జవాబు: అంతవరకు ఆగక్కర్లేదు. సాపేక్ష సిద్ధాంతం పీజీలో ఎలాగూ వస్తుంది. ఇప్పుడు మీకు కావలసినవి ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే గణితం), సంభావ్యత, పైథాన్. ఎందుకంటే ఈ రంగంలో డేటా పని చేసేవాళ్ల రోజంతా అనవసరపు అలజడితో, అంటే నాయిస్‌తోనే గడుస్తుంది. 2015 సెప్టెంబరు 14న లైగో (అమెరికాలోని గురుత్వ తరంగాల డిటెక్టర్ల జంట) పట్టుకున్న తొలి తరంగం 4 కిలోమీటర్ల చేతుల పొడవులో తెచ్చిన తేడా, ప్రోటాన్ వ్యాసంలో సుమారు 400వ వంతు. దాన్ని నాయిస్‌లోంచి బయటికి తీయడమే అసలు విద్య.

ఆ డేటా ఉచితంగా దొరుకుతుంది. గ్రావిటేషనల్ వేవ్ ఓపెన్ సైన్స్ సెంటర్ నుంచి జీడబ్ల్యూ150914 (పైన చెప్పిన తొలి తరంగం పేరిది) ఘటనకు సంబంధించి హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ లైగో డిటెక్టర్ల 32 సెకన్ల ఫైళ్లు దించుకోండి. సెకనుకు 4096 శాంపిళ్ల ఫైలు చాలు. ముడి డేటాను గ్రాఫ్ గీస్తే తక్కువ ఫ్రీక్వెన్సీ ఊగిసలాట తప్ప ఏమీ కనబడదు. 4 సెకన్ల ముక్కలతో పవర్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపేది) లెక్కకట్టండి. కరెంటు సరఫరా వల్ల 60 హెర్ట్జ్ దగ్గర, అద్దాలను వేలాడదీసిన తీగల కంపనం వల్ల 500 హెర్ట్జ్ ప్రాంతంలో నిటారు గీతలు కనిపిస్తాయి. ఆ స్పెక్ట్రమ్‌తో డేటాను వైటెనింగ్ (అన్ని ఫ్రీక్వెన్సీల్లో నాయిస్‌ను ఒకే స్థాయికి తేవడం) చేసి, 35-350 హెర్ట్జ్ మధ్య భాగాన్నే ఉంచితే సుమారు 0.2 సెకన్ల చిర్ప్ (ఫ్రీక్వెన్సీ పెరుగుతూ పోయే సిగ్నల్) బయటపడుతుంది. తర్వాత హాన్‌ఫర్డ్ సిగ్నల్‌ను 7 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి, తలకిందులు చేసి లివింగ్‌స్టన్ దానిపై పెట్టండి. రెండూ ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. ఇది మీ చేత్తో మీరు చేసి చూడాల్సిందే.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. వైటెనింగ్ తర్వాత ఫైలు మొదట్లో, చివర్లో పెద్ద శిఖరాలు వస్తాయి. అవి ఫిల్టర్ అంచుల ప్రభావమే కాబట్టి రెండు వైపులా కొంత కత్తిరించి పారేయాలి. ముక్కలు మరీ పొట్టిగా తీసుకుంటే ఆ నిటారు గీతలు పక్కకు పాకిపోతాయి. ముక్కల సగటుకు బదులు మీడియన్ తీసుకోవడం మేలు. లేదంటే ఒక్క గ్లిచ్ (డిటెక్టర్‌లో క్షణకాలం వచ్చే పెద్ద కుదుపు) స్పెక్ట్రమ్ మొత్తాన్ని పైకి లేపేస్తుంది.

మీకు ఇష్టమైన న్యూట్రాన్ తారల దగ్గరికి ఆ తర్వాత రండి. 2017 ఆగస్టు 17 నాటి జీడబ్ల్యూ170817 సిగ్నల్ డిటెక్టర్ పరిధిలో సుమారు 100 సెకన్లు ఉంది. శక్తి అంతసేపు పరుచుకోవడంతో ముందటి పద్ధతిలో కంటికి ఆనదు. దీనికి మ్యాచ్‌డ్ ఫిల్టరింగ్ (ముందే లెక్కగట్టిన తరంగ రూపంతో డేటాను పోల్చి వెతకడం) కావాలి, పైసీబీసీ అనే పైథాన్ ప్యాకేజీతో చేయొచ్చు. పైగా విలీనానికి 1.1 సెకన్ల ముందు లివింగ్‌స్టన్‌లో ఒక పెద్ద గ్లిచ్ పడింది. దాన్ని తొలగించిన ఫైలు కూడా అక్కడే ఉంది. రెండు ఫైళ్లతోనూ చేసి తేడా రాసుకోండి. చివరగా బిల్బీ అనే, బేసియన్ పద్ధతిలో (సంభావ్యతలతో) అంచనా వేసే పైథాన్ ప్యాకేజీతో ద్రవ్యరాశులు అంచనా వేయండి. చిర్ప్ మాస్ (రెండు ద్రవ్యరాశులను కలిపి లెక్కించే, చిర్ప్ వేగాన్ని నిర్ణయించే విలువ) సూర్యుడి ద్రవ్యరాశికి 1.188 రెట్లని చాలా కచ్చితంగా తేలుతుంది, విడివిడి ద్రవ్యరాశులు మాత్రం తేలవు. విశ్వ విస్తరణ వల్ల డిటెక్టర్ ఎక్కువగా చూపే ద్రవ్యరాశిని రెడ్‌షిఫ్ట్‌తో సరిదిద్దడం మరవకండి.

ఇక దారుల సంగతి. లేజర్లు, వాక్యూమ్, కంట్రోల్ సిస్టమ్స్ నచ్చితే డిటెక్టర్ వైపు వెళ్లండి, అక్కడ ఇంజినీర్ల అవసరం ఎక్కువ. విలీనం వెలుగును టెలిస్కోపులతో వెంటాడేది ఇంకో దారి. 2017లో ఆ వెలుగు 11 గంటల్లోపే దొరికింది. తరంగ రూపాలను సమీకరణాల నుంచి రాబట్టాలనుకుంటేనే సాపేక్ష సిద్ధాంతం ఇప్పటి నుంచే గట్టిగా పట్టాలి.

పీహెచ్‌డీ కుదరకపోయినా పైన చెప్పిన పని వృథా కాదు. మ్యాచ్‌డ్ ఫిల్టరింగ్ రాడార్‌లో పుట్టిన పద్ధతే. టైమ్ సిరీస్ విశ్లేషణ, బేసియన్ అంచనా తెలిసినవాళ్లకు డేటా సైన్స్‌లోనూ చోటుంది. కోడ్‌ను, గ్రాఫులను, ఎక్కడ తప్పు వచ్చి ఎలా సరిచేశారో చెప్పే నోట్సును ఒకచోట పెట్టుకోండి. ఇంటర్న్‌షిప్‌కు రాసేటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ లింకు పంపండి.