ఆత్మలు వేయించిన బొమ్మలు: నేను చూసిన జార్జియానా హౌటన్

ఆత్మలు చెయ్యి పట్టి వేయిస్తే బొమ్మలు వేశామన్నవాళ్ళు నిజంగా ఉన్నారా, ఉంటే వాళ్ళది మోసమా పిచ్చా అని అడిగారు కదా. ఉన్నారు. అందులో ఒకావిడ బొమ్మలు నేను కళ్ళారా చూశాను కాబట్టి ఆవిడ గురించే ఎక్కువ చెబుతాను.

2016 ఎండాకాలంలో ఆఫీసు పని మీద లండన్‌లో ఉన్నాను. చెవికి కట్టుతో వాన్ గో వేసుకున్న బొమ్మ చూద్దామని ఒక శనివారం కోర్టాల్డ్ గ్యాలరీకి వెళ్తే, అక్కడే జార్జియానా హౌటన్ అనే ఆవిడ ప్రదర్శన నడుస్తోంది. పేరు కూడా వినలేదు, ఎలాగూ వచ్చాం కదా అని లోపలికి వెళ్ళాను, బయటికొచ్చేసరికి గంటన్నర అయింది. దూరం నుంచి చూస్తే రంగుల ముద్ద. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి వెళ్తే, పొరలు పొరలుగా వాటర్ కలర్ గీతలు, వాటి మీద వెంట్రుకంత సన్నటి తెల్ల గీతలు జరీ పోగుల్లా మెలికలు తిరుగుతూ, ఎక్కడా చెయ్యి వణికిన ఆనవాలే లేదు. చాలావాటిలో చెట్టూ లేదు, మనిషీ లేదు. కింద చూస్తే 1860ల నాటి తేదీలు! తేదీ రెండుసార్లు చదువుకున్నాను.

1851లో జిల్లా (Zilla) అనే తోబుట్టువు చనిపోయాక హౌటన్ బొమ్మలు వేయడమే మానేసింది. తర్వాత ఆత్మలతో మాట్లాడే కూటాల్లో చేరి, 1861లో మళ్ళీ మొదలుపెట్టింది. మొదట హెన్రీ లెన్నీ అనే చిత్రకారుడి ఆత్మ, తర్వాత పాతకాలపు ఇటలీ చిత్రకారులు టిషియన్, కొరెజ్జో, ఆపైన దేవదూతలు తన చెయ్యి నడిపించారని చెప్పింది. మనకు పూనకం గుర్తొస్తుంది గానీ, ఊగిపోయే ఒంటితో అంత సన్నటి గీత గీయడం కుదరదు. ఏ రంగుకు ఏం అర్థమో కాగితం వెనక ఓపిగ్గా రాసి పెట్టింది కూడా.

1871లో ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో సొంత ఖర్చుతో హాలు అద్దెకు తీసుకుని 155 బొమ్మలు పెట్టింది. ఇలా ఆకారాల్లేని బొమ్మలకు ఆద్యుడని చాలామంది చెప్పే కాండిన్‌స్కీకి అప్పటికి ఐదేళ్ళు కూడా నిండలేదు. కొనేవాళ్ళు లేక దాదాపు దివాలా తీసింది. 1884లో పోయింది, జనం మర్చిపోయారు. మోసం చేసేవాళ్ళు ఇంత నష్టపోయి కూడా అదే పని కొనసాగిస్తారా?

లండన్‌లోనే మాడ్జ్ గిల్ అని ఇంకొకావిడ. కొడుకు పోయాడు, తర్వాత బిడ్డ చనిపోయి పుట్టింది, ఒక కన్ను పోయింది. ఆ తర్వాతే రాత్రిళ్ళు కూర్చుని మీటర్ల కొద్దీ గుడ్డ మీద ఇంకుతో ఆడవాళ్ళ ముఖాలు గీయడం మొదలుపెట్టింది. అమ్మమంటే ఇవి నావి కావు, మిర్నినెరెస్ట్ అనే ఆత్మవి అనేది.

నాకు ఇది పిచ్చిలా ఎందుకు అనిపించదో చెబుతాను. మా పిన్ని చిన్న వయసులోనే పోయింది. అంతకుముందు ఏడు చుక్కల ముగ్గుతో సరిపెట్టే మా అమ్మమ్మ, ఆ తర్వాత తెల్లవారుజామున వాకిలి నిండా మెలికల ముగ్గులు వేసేది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "నాదేముందిరా, అది వేయిస్తోంది" అనేది, బియ్యప్పిండి చేతులు దులుపుకుంటూ. ఇంట్లో ఎవరూ ఆ మాటకు నవ్వలేదు.

ఇలాగే ఆత్మలు వేయించాయన్న స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్‌కు ఈమధ్య పేరొచ్చింది, 2018లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో మొదలైన ఆవిడ ప్రదర్శనకు ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. హౌటన్‌కు అంత రాలేదు, అది నాకు బాధగానే ఉంటుంది. మిగిలిన బొమ్మల్లో 35 మెల్‌బోర్న్‌లోని ఒక ఆత్మవాదుల సంఘం దగ్గరున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే "దేవుడి కన్ను" అనే దానితో మొదలుపెట్టండి, ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద, బాగా జూమ్ చేసి. లేకపోతే ఆ తెల్ల గీతలు అసలు కనబడవు.