కొత్త లిఫ్టు వచ్చాక కెపాసిటర్లు ఎందుకు ఉబ్బుతున్నాయి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పాత లిఫ్టు మోటారును తీసివేసి, వి.వి.వి.ఎఫ్. డ్రైవ్‌తో (వోల్టేజీని, పౌనఃపున్యాన్ని మారుస్తూ మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) నడిచే కొత్త లిఫ్టును అమర్చారు. ప్రయాణం మెత్తగా ఉంది గాని, ఆరు నెలల్లోనే పవర్ ఫ్యాక్టర్ ప్యానెల్‌లోని (సరఫరా నుంచి వృథాగా తీసుకునే కరెంటును తగ్గించే పెట్టె) రెండు కెపాసిటర్ల మూతలు ఉబ్బిపోయాయి. జనరేటర్ మీద లిఫ్టు కదిలినప్పుడల్లా ఎల్‌ఈడీ దీపాలు మినుకుమంటున్నాయి. లోపం దేనిలో ఉంది?

జవాబు: విడివిడిగా చూస్తే డ్రైవ్‌లోనూ, కెపాసిటర్లలోనూ లోపం లేకపోవచ్చు, ఆ రెండూ ఒకే సరఫరా మీద కలిసి పనిచేయడంలోనే చిక్కు ఉంది. డ్రైవ్ ముందుగా ఆరు డయోడ్ల ద్వారా ఏసీని డీసీగా మారుస్తుంది. ఆ డయోడ్లు వోల్టేజీ శిఖరానికి చేరువైనప్పుడు మాత్రమే కరెంటును తీసుకుంటాయి కనుక, ఆసిలోస్కోపులో ప్రతి అర్ధ చక్రంలోనూ నున్నని అలకు బదులు రెండు మూపురాలు కనిపిస్తాయి. 50 హెర్ట్జ్ సరఫరాలో ఆ మూపురాల వెనుక ఉండేవి ప్రధానంగా 250, 350, 550, 650 హెర్ట్జ్ హార్మోనిక్ కరెంట్లు, అంటే సరఫరా పౌనఃపున్యానికి 5, 7, 11, 13 రెట్లు ఉన్నవి.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ కెపాసిటర్ అడ్డు తగ్గుతుంది. 250 హెర్ట్జ్ వద్ద అది 50 హెర్ట్జ్ వద్ద ఉన్నదానిలో ఐదో వంతే, అందుకే హార్మోనిక్ కరెంట్లు అటు మళ్లి దాన్ని వేడెక్కిస్తాయి. అంతకన్నా ప్రమాదకరమైనది అనునాదం (రెసొనెన్స్). ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్సూ మీ కెపాసిటర్లూ కలిసి ఆ పౌనఃపున్యాలలో ఏదో ఒకదాని దగ్గర అనునాదం చెందితే, డ్రైవ్ పంపినదానికి ఎన్నో రెట్ల కరెంటు కెపాసిటర్లలో తిరుగుతుంది. అందువల్ల ఉబ్బినవాటి స్థానంలో అలాంటివే పెట్టించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అవీ అలాగే పోతాయి. 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్‌ను (50 హెర్ట్జ్ వద్ద కెపాసిటర్ అడ్డులో 7 శాతం అడ్డు గల తీగచుట్ట) సిరీస్‌లో కలిపితే అనునాదం 189 హెర్ట్జ్‌కు, అంటే ఐదో హార్మోనిక్ కంటే దిగువకు జరుగుతుంది. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి ఎక్కువ రేటింగ్ ఉన్నవే తీసుకోవాలి. అయితే పాత మోటారుకు అవసరమైనన్ని కెపాసిటర్లు డ్రైవ్‌కు అక్కరలేదు. కొన్నింటిని తీసేసినా సరిపోతుందేమో ముందు చూడండి.

జనరేటర్ విషయానికి వస్తే, దాని అంతర్గత ఇంపెడెన్స్ (కరెంటుకు కలిగించే అడ్డు) ట్రాన్స్‌ఫార్మర్ కన్నా ఎక్కువ కనుక, అవే హార్మోనిక్ కరెంట్లు అక్కడ వోల్టేజీని మరింతగా వికృతం చేస్తాయి. డ్రైవ్ ముందు 3 నుంచి 5 శాతం లైన్ చోక్ (సరఫరా తీగల్లో సిరీస్‌గా కలిపే తీగచుట్ట) పెడితే ఆ మూపురాలు గణనీయంగా అణగుతాయి. జనరేటర్ నడుస్తున్నంతసేపూ కెపాసిటర్ ప్యానెల్ విడిపోయి ఉండాలి.

కొలతలు తీయించేటప్పుడు లిఫ్టును నిండు బరువుతో పైకి నడిపించండి. ఆగి ఉన్న లిఫ్టు దగ్గర హార్మోనిక్ శాతం భయపెట్టేంత కనిపించవచ్చు, కాని ఆంపియర్లు స్వల్పం. నివేదికలో ఐదో, ఏడో హార్మోనిక్‌లను ఆంపియర్లలో విడిగా అడిగి, ఆ తరువాతే రియాక్టర్‌కు ఆర్డరు ఇవ్వండి.