పదిహేను బొమ్మలూ, నీ హీరోయిన్ బాధా

అమ్మాయ్,

నీ కథ అందింది, చదివాను. మొదటిసారి ఓపిగ్గా, రెండోసారి కోపంగా. కోపం చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను గానీ అది చల్లారేలా లేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను. కొబ్బరిబోండాలమ్మే ముసలాయన చిల్లర ఇవ్వడానికి బద్ధకించి ఇంకో బోండాం కొట్టిచ్చే ముక్క బాగుంది. దాన్ని ముట్టుకోకు.

ఇక మిగతాది. పారిస్‌లో ఉద్యోగం చేసే తెలుగమ్మాయి, మొగుడితో తెగతెంపులైన బాధలో సెలవు పెట్టి కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ చేతిలో ఉన్న మార్టినిక్ దీవికి పోతుంది. అక్కడ దియామాన్ అనే ఊరి దగ్గర, సముద్రం ఒడ్డున గట్టు మీద నిలబెట్టిన తెల్లటి బొమ్మల ముందు ఆగుతుంది. "ఎప్పుడో ఓడ మునిగి పోయిన నావికుల స్మారకమట" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నావు. ఆ వెంటనే అలలు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాయి. అక్కణ్ణుంచి మూడు పేజీలు ఆ మొగుడే. ఎవరు మునిగారో, ఎలా మునిగారో కనుక్కోవాలని నీ హీరోయిన్‌కి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నీకూ అనిపించలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

నేను చెప్తాను, విను. 1830 ఏప్రిల్ 8. ఒక ఓడ వచ్చి ఆ తీరంలో, లంగరు వేయకూడని చోట లంగరు వేసింది. రాత్రి లంగరు నిలవలేదు, ఓడ రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. లోపల ఉన్నది ఆఫ్రికా నుంచి దొంగచాటుగా పట్టుకొస్తున్న మనుషులు. దొంగచాటుగా ఎందుకంటే ఫ్రాన్స్ అప్పటికే బానిసల వ్యాపారాన్ని నిషేధించింది, బానిసత్వాన్ని మాత్రం నిషేధించలేదు. మనిషిని ఓడలో తేవడం నేరం, తెచ్చినవాణ్ణి చెరకుతోటలో పెట్టి చచ్చేదాకా చాకిరీ చేయించుకోవడం నేరం కాదు. ఈ ఒక్క మెలిక చాలు తల్లీ, నీ మూడు పేజీల అలలకంటే ఎక్కువ పని చేస్తుంది.

బయటపడ్డ బందీలు 86 మంది. వాళ్లలో మగవాళ్లు 26 మందే. బానిస ఓడల్లో మగవాళ్లకి సంకెళ్లు వేసేవాళ్లు, ఆడవాళ్లనీ పిల్లల్నీ చాలావరకు విడిగా ఉంచేవాళ్లు, ఇది తెలిస్తే ఆ అంకె ఎందుకలా ఉందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాల్లో తెల్లవాళ్లని ఊరి శ్మశానంలో పూడ్చారు. నల్లవాళ్లని ఒడ్డుకి కొంచెం ఎడంగా గుంటలు తీసి పూడ్చారు. నీ నావికులకి శ్మశానంలో చోటు దొరికిందమ్మా. ఆ బొమ్మలు నిలబడింది ఆ చోటు దొరకనివాళ్ల కోసం.

ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న దియామాన్ బండ మీద కూడా ఒక పేరా ఖర్చు పెట్టావు, సాయంత్రపుటెండలో వజ్రంలా మెరిసిందని. మెరిస్తే మెరిసింది గానీ, ఆ బండని 1804లో ఇంగ్లీషువాళ్లు ఆక్రమించి, పైకి ఫిరంగులు ఎక్కించి, తమ నౌకాదళంలో ఓడగా నమోదు చేసుకున్నారని తెలుసా? మిగతా యుద్ధనౌకల్లాగే దానికీ హెచ్.ఎమ్.ఎస్., అంటే రాజుగారి ఓడ, అని తగిలించారు. 1805లో ఫ్రెంచివాళ్లు మళ్లీ లాక్కున్నారు. అంటే కదలని రాయికి ఓడ పేరు ఉంది, అంతమందితో మునిగిపోయిన ఓడ పేరు మాత్రం ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. నీ హీరోయిన్ నిలబడ్డ చోటు నుంచి ఈ రెండు చోట్లూ కనబడతాయి. ఆమె మాత్రం ఫోనులో పాత మెసేజీలు చూసుకుంటోంది!

ఆ బొమ్మలు చేసిన లోరాన్ వాలేర్ ఆ దీవి శిల్పే. బానిసత్వం రద్దయి 150 ఏళ్లయిన సందర్భంగా 1998లో నిలబెట్టారు. పదిహేను బొమ్మలు, ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల ఎత్తు, నాలుగు టన్నుల బరువు. కాంక్రీటు తెల్లగా రావడానికి ట్రినిడాడ్ ఇసుక వాడాడు. నువ్వేమో తెలుపు శాంతికి చిహ్నం అన్నావు. అక్కడ తెలుపు చావు రంగు, మన ఆడవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? త్రికోణంగా ఎందుకు నిలబెట్టాడంటే యూరప్, ఆఫ్రికా, అమెరికాల మధ్య జరిగిన వ్యాపారం త్రికోణం కాబట్టి. ముఖాలన్నీ దిక్సూచిలో 110 డిగ్రీల దిక్కుకి, ఆఫ్రికా పడమటి తీరంలోని గినీ అఖాతం వైపుకి తిప్పి ఉంటాయి. స్మారకం పేరే 'కాప్ 110', కాప్ అంటే ఫ్రెంచిలో ఓడ పట్టిన దిక్కు. ఆయన పని చేసిన తీరు చూడు. టన్నులు, మీటర్లు, డిగ్రీలు. ఒక్క బొమ్మ చెంప మీదా కన్నీటి చుక్క చెక్కలేదు.

నేను నలభై ఏళ్లుగా తల బాదుకుంటున్నది ఇదే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ముందు పంచనామా రాయి. ఎవరు, ఎంతమంది, ఎక్కడ, ఎవరు పూడ్చారు, ఆ తర్వాత ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు. అది పూర్తయ్యాక ఇంకా ఏడుపు మిగిలితే అప్పుడు రాద్దువు గాని.

ఈ మాటకి నాకు పడిన దెబ్బ చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తీరం పక్క ఊళ్లో టీచరుగా ఉండేదాన్ని. వేటకి వెళ్లిన పడవ ఒకటి తిరిగి రాలేదు. శవాలు దొరకలేదు. శవం దొరకకపోతే మనిషి పోయినట్టు కాదు, ఏడేళ్లు జాడ లేకపోతే గానీ చట్టం పోయినట్టు అనుకోదు. మా స్కూల్లో చదివే పిల్ల తల్లి ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ, బొట్టు పెట్టుకుంటే ఊరు ఒక మాట, తీసేస్తే ఆఫీసువాళ్లు ఇంకో మాట. నేను ఆ తిరుగుడు మీదే కథ రాశాను. ఏ కౌంటరు, ఏ ఫారం, ఏ గుమాస్తా ఏమన్నాడు, అన్నీ. పేరు చెప్పను గానీ అప్పట్లో ఓ వెలుగు వెలిగిన ఎడిటర్ ఒకాయన, "సర్టిఫికెట్ల గొడవ పాఠకుడికెందుకమ్మా, విరహం రాయండి" అని తిప్పి పంపాడు. నేను మార్చనన్నాను. ఆయనే మార్చుకున్నాడు! పత్రికలో చూసుకుంటే చివర ఆవిడ వెన్నెల్లో ఒడ్డున నిలబడి గాజులు పగలగొట్టుకుంటోంది, పక్కన జుట్టు విరబోసుకున్న అమ్మాయి బొమ్మ, సినిమా పోస్టర్ లాగా. పైగా ఆ కథకి బోలెడు మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. గాజులు బాగా పగిలాయట.

అప్పుడు వెన్నెల లేకపోతే కథ వెనక్కొచ్చేది. తర్వాత కొన్నాళ్లు ఎవరి కథలో చూసినా శవాలు లేచి కబుర్లు చెప్పేవి, అదే గొప్ప శిల్పం అన్నారు. ఇప్పుడు వాక్యానికో పేరా. నువ్వూ అదే పట్టుకున్నావు. "ఆమె నిలబడింది." పేరా. "సముద్రం కూడా." పేరా. సముద్రం కూడా ఏమిటమ్మా, నిలబడిందా?

అసలు కథ నీ చేతికి అందే దూరంలోనే ఉంది. బతికి బయటపడ్డ ఆ 86 మందినీ ఏం చేయాలో అధికారులకి పాలుపోలేదు. బానిసలు అందామంటే తెచ్చిన పద్ధతే అక్రమం. స్వతంత్రులని వదిలేద్దామంటే తోటల్లో ఉన్న మిగతావాళ్లు చూస్తారు. చివరికి ఆ జూలైలో దాదాపు అందరినీ దక్షిణ అమెరికాలో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న కయెన్‌కి పంపేశారు. దేంట్లో అనుకున్నావు? మళ్లీ ఓడలోనే. ఓడ పగిలి, పక్కవాళ్ల శవాలు చూసి, మూణ్ణెల్లు తిరిగేసరికి మళ్లీ ఓడెక్కమంటే ఆ మెట్ల దగ్గర ఏం జరిగి ఉంటుందో ఊహించు. ఊహ వాడాల్సిన చోటు అది.

ఇంకో మాట మర్చిపోయాను. "నాకూ ఈ దీవికీ ఏ సంబంధమూ లేదు, అందుకే వచ్చాను" అంటుంది నీ హీరోయిన్. 1848లో బానిసత్వం పోయింది, తోటలకి కూలీలు కావాల్సి వచ్చింది, 1853 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల్లో మనవాళ్లని ఎక్కించుకుపోయారు. మూడు దశాబ్దాల్లో పాతికవేల పైచిలుకు. తమిళులే ఎక్కువ. మారియమ్మని కొలిచే గుళ్లు ఆ దీవిలో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లని లాక్కొచ్చి కథలో ఇరికించమని కాదు, ఇరికిస్తే ఇంకా చిరాకు. ఆ డైలాగు మాత్రం తీసెయ్, లేదా ఆమె చేత అనిపించి, ఆ బోండాల ముసలాయన పేరు అడిగించు. ఆయన ఏం పేరు చెప్తాడో నీ ఇష్టం.

మొగుణ్ణి పూర్తిగా తీసేయమనడం లేదు. అరపేజీ ఇస్తాను, అంతకంటే ఎక్కువ అతనికి అనవసరం. పోటీకి పంపాలా వద్దా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, అవన్నీ తర్వాత. తిరగరాసింది నెలాఖరులోగా పంపు, వచ్చే నెల నాకు కంటి ఆపరేషన్ ఉంది. పీడీఎఫ్ వద్దు, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం నాకు రాదు. ప్రింటు తీసి పోస్టులో పంపు, మార్జిను బాగా వదులు, ఎర్ర పెన్నుకి చోటు కావాలి.